అక్క చెప్పిన సినిమా

మా గని మీద పనిచేసి రిటైరైన వాళ్ళమంతా కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పొద్దున్నే దేవుళ్ళ బొమ్మలు, మధ్యాహ్నానికి షుగరు తగ్గించే కషాయాలు, సాయంత్రానికి ఎవరో పోయారన్న కబురు, ఇదీ దాని దినచర్య. మొన్న ఒకరోజు అందులో కొత్త సందడి మొదలైంది. రెండువేల సంవత్సరం తర్వాత పదేళ్ళలో వచ్చిన సినిమాల్లో ఎవరికి బాగా నచ్చినవి వాళ్ళు ఒకటి నుంచి పది దాకా వరుసగా రాసి పంపాలట. మోకాళ్ళ నొప్పులని నాలుగు మెట్లు ఎక్కని వాళ్ళంతా తమ హీరో పేరు వినపడగానే పాత కొట్లాటలు మళ్ళీ మొదలుపెట్టారు. నేనూ కళ్ళజోడు తుడుచుకుని హుషారుగా కూర్చున్నాను. రెండో స్థానం, మూడో స్థానం దగ్గర కాసేపు తర్జనభర్జన పడ్డాను గానీ, మొదటి దాని గురించి ఆలోచించే పనే లేకపోయింది, పేరు టకటకా కొట్టేశాను. కొట్టాక వేలు ఆగిపోయింది. ఆ సినిమాను నేను హాల్లో చూడనే లేదు, మా అక్క చెప్పగా విన్నాను. ఆ సంగతి గుర్తు రాగానే ఆమెకు ఆ రోజు జరిగింది కూడా గుర్తొచ్చి, ఇంట్లో ఎవరూ చూడకపోయినా తల దించుకున్నాను.

గోదావరిఖనిలో బతికిన మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ తెలియని వాళ్ళ కోసం చెబుతాను. నేను లాంప్ రూములో పనిచేసేవాణ్ణి. గనిలోకి దిగే ప్రతి మనిషీ టోపీకి పెట్టుకునే దీపం నా దగ్గర తీసుకుని దిగాలి, పైకి వచ్చాక నాకే అప్పజెప్పి ఇంటికి పోవాలి. అందుకని ఏ సినిమా ఎట్లా ఉందో ఊరికంటే ముందు నాకే తెలిసేది, అది కూడా ఎవరూ చెప్పకుండానే. కొత్త సినిమా విడుదలైన రోజు మొదటి ఆట కోసం డ్యూటీకి నాగా పెట్టిన వాళ్ళ దీపాలు గూళ్ళలోనే ఉండిపోతాయి కదా, ఆ మిగిలిన దీపాలను చూసి సినిమా స్థాయి చెప్పేవాణ్ణి. రెండు వరుసలు నిండుగా మిగిలితే పెద్ద హిట్టు. అక్కడొకటి ఇక్కడొకటి మిగిలితే, పాపం, నిర్మాత పని అయిపోయినట్టే. పైఅధికారులు నాగాల మీద మండిపడుతుంటే నేను లోలోపల మా హీరో సినిమాకు ఇంకో వరుస మిగిలితే బాగుండునని కోరుకునేవాణ్ణి, అంత పిచ్చి.

అయితే అందరూ నాగా పెట్టలేరు. ఆ వారం రెండో షిఫ్టు పడ్డవాడికి సాయంత్రపు ఆట లేదు, రాత్రి ఆట లేదు, పొద్దున ఆట చూద్దామంటే ఇంట్లో పనులు. అట్లాంటి అభాగ్యులందరికీ దిక్కు మా అక్క. బావ జబ్బు చేసి పోయాక ఆయన ఉద్యోగం కింద అక్కకు గని మీదే క్యాంటీన్‌లో పని ఇచ్చారు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. వడ్డించే చేయి వడ్డిస్తూనే ఉండేది, నోరు సినిమా చెబుతూనే ఉండేది. ఆదివారం చూసి వచ్చిన సినిమా వారమంతా ముక్కలు ముక్కలుగా నడిచేది. పూరీ ప్లేటు చేతిలో పెట్టి, హీరో కొండ అంచున వేలాడుతుండగా ఆపేసి, మిగతాది రేపు అనేది. గనిలో ఎనిమిది గంటలు చెమటోడ్చి వచ్చిన మనుషులు ఇంటికి పోకుండా క్యాంటీన్ బల్లల మీద నోళ్ళు తెరుచుకుని కూర్చునేవాళ్ళు.

ఆమె చెప్పే సినిమాల్లో ఒక విశేషం ఉండేది, అది అప్పుడు మాకెవరికీ విశేషమని తోచలేదు. ఆమె నోట హీరో మా మాటే మాట్లాడేవాడు. హీరోయిన్ మా మాటే మాట్లాడేది. స్విట్జర్లాండ్ మంచులో నిలబడి ప్రేమించుకునే జంట కూడా మంథని పక్క పల్లె నుంచి పోయినట్టే ఉండేవాళ్ళు. "గప్పుడు గా పోరడు మెల్లగ లేశిండుల్లా, లేశి, ‘ఏంరో, మా తమ్మున్ని ముట్టుకున్నవంటే సూడు, నిన్ను ఈడ్నే పాతరేత్త’ అన్నడు" అని ఆమె గరిటె ఎత్తితే మా ఒళ్ళు జలదరించేది. తర్వాతెప్పుడో టీవీలో అదే ఘట్టం చూస్తే ఆ హీరో ఏదో శుభ్రమైన తెలుగులో, సభలో మాట్లాడినట్టు మాట్లాడాడు. నాకు చప్పగా అనిపించింది. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

ఆ దశాబ్దం ముగియవస్తున్న ఏడాది, దసరా వెళ్ళాక, పదేళ్ళలో వచ్చిన సినిమాల్లో మేటి ఏదో తేల్చాలని లాంప్ రూము ముందు పెద్ద వాదన జరిగింది. వేరే ఊళ్ళో అయితే అభిమానులు ఫ్లెక్సీలు చించుకుని ఊరుకునేవారేమో. మాది బొగ్గుగని, మాకు ఏ పంచాయితీ వచ్చినా తెలిసిన దారి ఒకటే, కార్మిక సంఘాలకు జరిగినట్టు గుర్తులు పెట్టి రహస్య ఓటింగు జరపడం. ఒక సినిమాకు దీపం గుర్తు, ఒకదానికి తట్ట గుర్తు, ఇంకోదానికి చెమ్మస్, అంటే బొగ్గు ఎత్తే పార, గుర్తు ఇచ్చాం. షిఫ్టు మారే వేళ గేటు ముందు మైకు పెట్టి సంఘాల నాయకులు మాట్లాడే గేట్ మీటింగులు ఉంటాయి చూడండి, అచ్చం అట్లాగే ఈ సినిమాల కోసం కూడా పెట్టి, మొన్నటి దాకా వేతనాల గురించి గొంతు చించుకున్న వాళ్ళే క్లైమాక్స్ ఫైటు గురించి గొంతు చించుకున్నారు. నూనె డబ్బాకు చీలిక పెట్టి ఓట్ల పెట్టె చేశాం. ఎన్నికల అధికారి ఎవరంటారా? ఇంకెవరు, దీపాలు ఇచ్చేవాడు కాబట్టి నేనే.

తట్ట గుర్తు సినిమా గెలిచింది. ఎవరూ అనుకోలేదు. దానికి పెద్ద హీరో లేడు, అది విడుదలైన రోజు నా గూళ్ళలో దీపాలు పెద్దగా మిగల్లేదు. లెక్క తేలాక గానీ సంగతి బయటపడలేదు, దానికి ఓటేసిన వాళ్ళలో సగానికి పైగా నాలాగే దాన్ని హాల్లో చూసిన వాళ్ళు కారు, క్యాంటీన్‌లో విన్నవాళ్ళు. గెలిచింది సినిమా కాదు, మా అక్క. అందరూ ఒక్కటే గోల, విజయోత్సవం రోజు అక్కతో ఆ సినిమా స్టేజీ మీద చెప్పించాలని. అక్క వద్దు వద్దంటూనే మురిసిపోయింది. బావ పోయిన తర్వాత పండుగలకు కూడా కట్టని ఆకుపచ్చ చీర పెట్టెలోంచి తీసింది. వారం రోజులు వంటింట్లో తనలో తనే చెప్పుకుంటుంటే విన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో స్టేజీ వేశాం. కుర్రాళ్ళు హీరోల గొంతులు అనుకరించారు, డ్యాన్సులు వేశారు, అనుకున్న దానికంటే ఆలస్యమైంది. రెండో షిఫ్టు వాళ్ళు వచ్చే లోపు ముగించాలి. అప్పుడు నా భార్య తమ్ముడు, కార్యక్రమం నడిపిస్తున్నవాడు, నా చెవి దగ్గరికి వచ్చాడు. కథంతా చెప్పించే టైము లేదు బావా, ఆ సినిమాలో పనిమనిషి కామెడీ ఉంది కదా, అక్కతో అది చేయిద్దాం, నటించే పని కూడా లేదు, ఆమె మామూలుగా మాట్లాడితే చాలు అన్నాడు. అన్న మాటలో ఏముందో నాకు తట్టలేదు. నాకు అది మంచి ఉపాయంగానే తోచింది. అక్కతో అన్నాను. ఆమె ముఖం ఒక్క క్షణం చిన్నబోయి, మళ్ళీ సర్దుకుంది. "గట్లనే కానియ్ తియ్, మీకెట్ల మంచిగనిపిస్తె గట్ల" అంది. నేను మైకు అందుకుని, ఇప్పుడు పనిమనిషి పాత్రలో మా అక్క అని ప్రకటించాను.

ఆమె మైకు ముందుకు వచ్చి నిలబడింది. అది పనిచేస్తోందో లేదో ఆమెకు తెలియలేదు. స్టేజీ దిగి పక్కన నిలబడ్డ నా వైపు తిరిగి అడిగింది.

"తమ్మీ, గీ మైకు నడుత్తాందా? సప్పుడత్తలేదేందిరా?"

అది డైలాగు కాదు. అందులో హాస్యం లేదు. మా ఇళ్ళల్లో రోజూ వినే మాట. కానీ పెద్ద స్పీకర్లలోంచి అది వినపడగానే జనమంతా ఒక్కసారి గొల్లుమన్నారు. పదేళ్ళుగా తెర మీద ఆ యాస వినపడిందంటే వచ్చినవాడు రౌడీనో, తాగుబోతో, తన్నులు తినే పనివాడో అయి ఉండేవాడు, మేము వెంటనే నవ్వడం అలవాటు చేసుకున్నాం. అక్క కూడా మొదట నవ్వింది. తన వెనక ఎవరైనా ఏదైనా చేశారేమోనని తిరిగి చూసింది. ఎవరూ లేరు. "ఏమైందుల్లా, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అంది. అదీ మైకులో పడింది. నవ్వు రెట్టింపైంది. ముందు వరుసలో ఉన్న ఆడవాళ్ళు, అచ్చం అట్లాగే మాట్లాడే ఆడవాళ్ళు, కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అప్పుడామె నా వైపు చూసింది. నేను కడుపు పట్టుకుని నవ్వుతున్నాను.

ఆ చూపు తగిలాక నవ్వు ఆపాలని చూశాను, అంత తొందరగా ఆగలేదు. ఆ ఆగకపోవడమే నన్ను ఇప్పటికీ దహిస్తుంది. ఆమె మైకును తిన్నగా స్టాండుకు పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు మాట అనలేదు, అలగలేదు, నాకు చాయ్ ఎప్పటిలాగే ఇచ్చింది. కానీ సినిమా చెప్పలేదు. ఎవరో అడిగితే "నాకేం గుర్తుంటాయండీ" అంది. క్యాంటీన్‌లో ఆ ‘అండీ’ విని అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆ వారంలోనే నన్ను తమ్మీ అనడం మానేసింది. తమ్ముడూ అని పిలిచింది. టీవీలో యాంకరమ్మల దగ్గర నేర్చుకున్న తెలుగు అది, ఆమె నోట్లో అమరదు, అక్కడక్కడా తడబడేది, తడబడ్డప్పుడు మాట ఆపేసి దిద్దుకునేది. క్షమించమని అడుగుదామని చాలాసార్లు వెళ్ళాను. ఏమని అడగాలి? నీ మాటకు నవ్వానక్కా అంటే, ఆ మాట నవ్వదగినదని ఇంకోసారి చెప్పినట్టవుతుందేమోనని ఊరికే తిరిగి వచ్చేసేవాణ్ణి.

చిత్రం చూడండి, దసరా పోయి రెండు నెలలు తిరిగేసరికి మా గేటు ముందు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మళ్ళీ రాజుకుంది. మా యాసను సినిమాల్లో ఎగతాళి చేశారని అదే మైకులో నిప్పులు కురిశాయి. మాట్లాడిన వాళ్ళలో నా బావమరిది ఉన్నాడు, చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనున్నాను. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ ఆదివారం గొల్లుమన్నది ఏ సినిమావాళ్ళూ కాదు, మేమే. ఆడవాళ్ళ తరఫున ఎవరైనా మాట్లాడాలని అక్కను పిలిస్తే ఆమె గేటు దాకా వచ్చి, మైకు చూసి ఆగిపోయి, నాకు సరిగా మాట్లాడటం రాదండీ అని చేతులు జోడించింది. నేను జనంలో వెనక్కి జరిగాను.

రాష్ట్రం వచ్చింది. అక్క రిటైరై గోదావరి అవతల మంచిర్యాలలో కూతురి దగ్గర ఉంటోంది. ఫోనులో ఆ పది సినిమాల గొడవ చూశాక ఉండబట్టలేక మొన్న బస్సెక్కి వెళ్ళాను. ఆమె మనవరాలు టీవీలో కొత్త సినిమా చూస్తోంది. అందులో హీరో, అవును హీరోనే, మా మాట మాట్లాడుతున్నాడు, తడుముకోకుండా, తలెత్తుకుని, మనవరాలు ఈలలు వేస్తోంది. నా ఒళ్ళు పొంగింది. అక్క వైపు తిరిగాను. ఆమె కళ్ళజోడు సవరించుకుని శ్రద్ధగా వింటోంది. "చాలా బాగా మాట్లాడుతున్నాడు కదా తమ్ముడూ, పాపం ఎంత కష్టపడి నేర్చుకున్నాడో" అంది.

చాయ్ తాగాక ధైర్యం చేసి, అక్కా ఆ తట్ట గుర్తు సినిమా ఒక్కసారి చెప్పవా అని అడిగాను. టీవీలో వస్తూనే ఉంటుంది కదా, చూడు అంది, నవ్వుతూనే. చేతిలో గరిటె లేదు, గ్లాసులు కడగడానికి లేచింది.

ఇప్పుడు మా మాటకు మర్యాద వచ్చింది, తెర మీద సింహాసనమెక్కింది, నా మనవడు స్నేహితులతో గర్వంగా మాట్లాడుతున్నాడు, నేను సంతోషించాలి, సంతోషిస్తున్నాను కూడా. ఇన్ని పేజీలు నేను రాసింది మాత్రం, మీరు గమనించే ఉంటారు, ఆ శుభ్రమైన తెలుగులోనే. గ్రూపులో మిత్రులు నా పది సినిమాల కోసం ఇంకా అడుగుతూనే ఉన్నారు. తొమ్మిది పంపగలను. మొదటిది ఏ హాల్లోనూ ఆడలేదు, దాన్ని మేమే ఒక ఆదివారం సాయంత్రం నవ్వి నవ్వి ఆపేశాం. అక్క ఫోను చేస్తే ఇప్పటికీ ఎత్తి, మొదటి మాట ఆమెకే వదిలేస్తాను. తమ్మీ అంటుందేమోనని చూస్తాను.