సమాధుల తోటలో గోడ

నా చిన్నప్పుడు, మిరపకాయలు ఎండే రోజుల్లో, కులాల మీద పరిశోధన చేసే ఒక అక్క యూనివర్సిటీ నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. పెద్దవాళ్ల చేత ఊరి బొమ్మ వేయించడం ఆమె పద్ధతి. సాయంత్రాలు కాయలు ఆరబోసిన కళ్లంలో అందర్నీ కూర్చోబెట్టి, ఎండుమిరపకాయలతో ఇళ్లు, గులకరాళ్లతో బావులు పెట్టించేది.

మా తాతయ్య సంఘపెద్ద. క్రీస్తులో కులం లేదని ప్రతి ఆదివారం చెప్పేవాడు. ఆ రోజు బొమ్మలో సమాధుల తోట దగ్గరికి వచ్చేసరికి, మధ్యలో మిరప తొడిమలు వరసగా పేర్చాడు.

"ఇదేంటి తాతగారూ?"

"గోడమ్మా. ఇటు మనోళ్లు, అటు కింద పేటోళ్లు. వాళ్ల కులం వేరు."

"వాళ్లూ యేసయ్య బిడ్డలేగా?"

"పరలోకంలో కలుస్తాంలేమ్మా, తొందరేముంది!" అన్నాడు మా బాబాయి. కళ్లమంతా నవ్వింది. తాతయ్య నవ్వలేదు.

ఆ వారంలోనే అకాల వాన పడింది. మర్నాడు కింద పేట నుంచి ఒకాయన వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్లమ్మ పోయింది. గోడకు అటువైపు పల్లం, గొయ్యి తవ్వుతుంటే నీళ్లు ఊరుతున్నాయి. మా వైపు కాస్త చోటు అడిగాడు.

తాతయ్య సంఘాన్ని మా ఇంటికి పిలిచాడు. తాతయ్యకు ఇవ్వాలనే ఉంది.

"ఇవాళ ఒక గొయ్యి ఇస్తే రేపు గోడే ఉండదు!" అని బాబాయి కేకలేశాడు. అందరిదీ అదే మాట.

తాతయ్య అక్క వైపు తిరిగాడు. "చదువుకున్నదానివి, నువ్వన్నా చెప్పమ్మా."

"మీ మాటే విననోళ్లు నా మాట వింటారా తాతగారూ?" అంది అక్క.

తాతయ్య లేచి నిలబడి, "ప్రార్థన చేద్దాం" అన్నాడు.

అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆ కుటుంబానికి ఆదరణ ఇమ్మని తాతయ్య ఏడుస్తూ వేడుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఆయన కూడా తలవంచి విన్నాడు. అందరితో పాటు ఆమెన్ అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వాళ్లమ్మను కాలవ గట్టున పూడ్చారు.

సాయంత్రం అక్క అరుగు మీద ఒంటరిగా కూర్చుంది. నేను పక్కన చేరితే, "అడగటం వరకే నాకు వచ్చమ్మా" అంది.

దేవుడు ప్రార్థన ఆలకిస్తాడని నేను ఈ వయసులోనూ నమ్ముతాను. కానీ ఎవరైనా ప్రార్థన చేద్దామంటే, గుమ్మంలో ఎవరైనా నిలబడి ఉన్నారేమో చూడకుండా కళ్లు మూసుకోలేను. చూసినా, చాలాసార్లు నా చేతిలో ఏమీ ఉండదు.