రొట్టెల కోసం నడిచిన తల్లులు

నా చిన్నప్పుడు నా చంక ఖాళీగా ఉన్న రోజు నాకు గుర్తు లేదు. అమ్మ పొద్దున్నే వరిచేలోకి వెళ్ళిపోయేది. తమ్ముణ్ణి నేను ఎత్తుకునేదాన్ని. అందుకే నన్ను బడికి పంపలేదు. వంశధార ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఆడపిల్లల్లో హైస్కూలు దాకా వెళ్ళింది పక్కింటి అక్క ఒక్కతే.

ఆ ఏడు అక్కకు ప్రపంచ చరిత్ర గండమై కూర్చుంది. పరీక్ష పోతే బడి మాన్పించి చేలో దింపుతానని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు. అక్క అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూ, ఫ్రాన్సు దేశంలో జనం రాజు మీద తిరగబడిన పాఠం బట్టీ పట్టేది. సగానికి వచ్చేసరికి మరిచిపోయేది.

ఒక సాయంత్రం నా చేతికి పుస్తకమిచ్చి, తను ఒప్పజెబుతుంటే చూడమంది. నాకు అక్షరం ముక్క రాదని చెప్పడానికి సిగ్గేసింది. అక్క ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా బుద్ధిగా పేజీ తిప్పాను. పాఠం సగంలో ఉండగానే పుస్తకం అయిపోయింది.

తిడుతుందనుకున్నాను. అక్క కడుపుబ్బ నవ్వి, పుస్తకం తీసి పక్కన పడేసింది.

"ఒసే గుంటా, నీకు కతలాగ సెప్తాను. అరదం కాని కాడ నన్ను ఆపీ. నువ్వు ఆపిన కాడ నాకూ రాదన్నమాట."

ఇక ఆపుతూనే ఉన్నాను. రొట్టెల కోసం అంత గొడవ ఎందుకో నాకు తెలియలేదు. రొట్టె అంటే వాళ్ళకు మన చోడి అంబలిలాంటిదని, అది లేకపోతే పొద్దు గడవదని చెప్పాక కుదుటపడ్డాను. ఆ రొట్టెలు దొరక్కే ఆడవాళ్ళంతా వానలో నడిచి రాజుగారి కోటకు వెళ్ళారంది. నేను తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని మళ్ళీ ఆపాను.

"మరి ఆల పిల్లల్ని ఎవులు ఎత్తుకున్నారు?"

మర్నాడు అక్క బడిలో మాస్టారిని అడిగింది. పుస్తకంలో లేదని, కొందరు ఎత్తుకునే నడిచి ఉంటారని, కొందరు ఇంట్లో పెద్దపిల్లకు అప్పగించి ఉంటారని ఆయన అన్నారట. ఆ దేశంలోనూ నాలాంటి పిల్ల ఒకతె ఉందని ఆ రోజంతా మురిసిపోయాను. తమ్ముడు బరువనిపించలేదు.

అక్క పరీక్ష గట్టెక్కింది. రాస్తున్నంతసేపూ నేను ఆపిన చోట్లే గుర్తొచ్చాయట. వాళ్ళ నాన్న మెచ్చుకోలేదు గానీ, "ఇకమీదట ఆ పక్కింటి గుంటని కూకోబెట్టుకునే సదువు" అన్నాడు.

నేను అక్షరాలు దిద్దింది మనవరాలు హైస్కూలుకొచ్చాక, దాని పక్కన కూర్చుని. ఏది చదివినా మధ్యలో ఆగి, ఇందులో రాయకుండా వదిలేసిన వాళ్ళెవరా అని చూడటం నాకు అక్క ఇచ్చిన అలవాటు. మొన్న దాని చరిత్ర పుస్తకంలో ఆ పాఠం కూడబలుక్కుంటూ చదివాను. తల్లులున్నారు, వానలో నడుస్తూనే ఉన్నారు. పిల్లల మాట లేదు. అక్కడ వేలు పెట్టి ఆగాను.

"అర్థం కాలేదా అమ్మమ్మా?" అంది మనవరాలు.

అర్థమైంది కనకే ఆగానని చెప్పాను.