ముఖ్యమైన మాటకు నేను పెట్టిన పేరు

పరువు పోయిన కథలు మీరు మస్తు ఇని ఉంటరు. నాది ప్రొజెక్టర్ల పోయింది, అదీ గోడంత సైజుల. కూసోండ్రి, చెప్త.

తొంభైల చివర్ల ముచ్చట. నేను ఉప్పల్ నుంచి, సుజాత నాచారం నుంచి హబ్సిగూడల ఒక కంప్యూటర్ సెంటర్‌కు పోతుంటిమి. సుజాత వాళ్లు నల్లగొండ దిక్కునుంచి వచ్చినోళ్లు. ఆదివారం చర్చిల పాటలు పాడేది, మిగిలిన రోజులు నన్ను తిట్టేది. ఆ తిట్లు గూడ నాకు పాటల్లెక్కనే ఇనబడుతుండె. ఇగ నా హాలతు ఏందో మీకు వేరే చెప్పాల్నా?

నాచారంల రేకు డబ్బాలు జేసే ఫ్యాక్టరీ ఒకటుండె. మెషిన్ల కాడ ఎట్ల జాగ్రత్తగుండాలెనో వర్కర్లకు చూపించెతందుకు స్లైడ్లు కావాలన్నరు. మా సెంటర్ సారు ఆ పని మా ఇద్దరికి అప్పజెప్పి, "మంచిగ జేస్తే ఆడ ఒకరికి ఉద్యోగం ఇస్తరట" అన్నడు. నాకు ఉద్యోగం మీద ఫికరే లేదు. సుజాతకు మాత్రం కావాలె. వాళ్ల నాయన ఇంకో కంపెనీల చెయ్యి మెషిన్ల పడి ఇంట్ల కూసున్నడు.

స్లైడ్లు ముందుగాల నేనే జేసిన. ప్రతి మాటా లావు అక్షరం, ఎర్ర రంగు, కింద గీత. సుజాత చూసి కండ్లు మూసుకున్నది.

"గిదేంది శ్రీశైలం? బోనాలకు మైకు పెట్టినట్టున్నది. అన్ని మాటలు ఒక్కసారే మొత్తుకుంటే ఏది ఇనాలె?"

"అన్నీ ముఖ్యమే గదా!"

"అన్నీ కావు. దేనివల్ల చెయ్యి పోతదో అది ముఖ్యం. నువ్వు రంగు సంగతి ఇడిసిపెట్టు. మాట ఎందుకు ముఖ్యమో చెప్పే ట్యాగు పెట్టు. ఆ ట్యాగు ఏ రంగుల కనబడాలెనో పైన ఒక్కకాడ రాస్తే సాలు."

ట్యాగంటే ఏం లేదు, మాటకు ముందొక గుర్తు, వెనకొక గుర్తు. బ్రౌజర్ల తెరిస్తే గుర్తులు కనబడవు, మాట మాత్రం మనం చెప్పిన రంగుల మెరుస్తది.

"ట్యాగుకు ఎరుపు అని పేరు పెట్టకు" అన్నది పోతూ పోతూ. "రేపు రంగు మారిస్తే పేరు అబద్ధమైతది. అర్థాన్ని బట్టి పెట్టు."

అర్థాన్ని బట్టి పెట్టుమన్నది గదా! ముఖ్యమైన దానికి నా మనసుల ఒక్కటే పేరుండె. అదే పెట్టిన. సుజాత. ఎట్లాగూ ఎవ్వరికీ కనబడదు, నాకొక్కనికే తెలుస్తదని మురిసిపోయిన.

ఫ్లాపీ తీస్కొని ఫ్యాక్టరీకి పోయినం. హాలు నిండ వర్కర్లు, ముంగట మేనేజర్ ప్రసాదరావు గారు, గుంటూరు దిక్కు మనిషి. నేను ఠీవిగ ఫైలు నొక్కిన. ఆ కంప్యూటర్ల బ్రౌజర్ లేదు. ఫైలు ఉత్త రాతలెక్క తెరుచుకున్నది, ట్యాగులన్నీ బయటపడ్డయి. ప్రతి ముఖ్యమైన మాటకు అటొక సుజాత, ఇటొక సుజాత, తోడిపెండ్లికూతుళ్ల లెక్క నిలవడ్డరు.

స్లైడ్లు ఇంగ్లీషుల ఉన్నయని ప్రసాదరావు గారు పాపం తెలుగుల చదివి ఇనిపించబట్టిండు. "సుజాత ఆన్‌లో ఉన్నప్పుడు మూత తెరవరాదు సుజాత. ఏమిటయ్యా ఇది? ఎవరీ సుజాత?"

వెనకనుంచి ఒక వర్కరు లేచిండు. "సార్, సుజాత ఏ మెషిన్ సార్? మన షెడ్డుల లేదే!"

హాలంత నవ్వు. భూమి చీలితే దుంకుదామని కిందికి చూసిన, గచ్చు గట్టిగుండె.

సుజాత లేచి నిలవడ్డది. "ఆ సుజాత నేనే సార్. అది ముఖ్యం అని గుర్తు. అక్కడ గొంతు పెంచి చదవాలె. నేను చదువుతా."

మొదటినుంచి చదివింది. గుర్తు వచ్చినకాడ ఆగి, అందరి మొఖాలు చూసి, ఆ మాట గట్టిగ చెప్పింది. రంగు లేదు, గీత లేదు. అయినా ఏ మాటకు బరువియ్యాలెనో ఆ గుర్తులే చెప్తున్నయి. "చేతులు" అన్న మాటకాడ ఆమె గొంతు జర వణికింది. నవ్వినోళ్లు నవ్వు ఆపిన్రు. ముంగట కూసున్నాయన తన చేతుల దిక్కు చూసుకున్నడు.

"వచ్చే సోమవారం నుంచి పనిలోకి వచ్చెయ్యమ్మా" అన్నడు ప్రసాదరావు గారు. నా దిక్కు తిరిగి, "నువ్వు ఆ ప్రొజెక్టర్ సర్దెయ్ బాబూ" అన్నడు.

బయట బస్టాపుల ఇద్దరమే నిలవడ్డం. తిడ్తదనుకున్న. తిట్టలే. మెల్లగ అడిగింది, "నా పేరెందుకు పెట్టినవ్?"

గుండెల ఉన్న మాట గొంతుదాంక వచ్చింది. గప్పుడే బస్సు మలుపు తిరిగింది. నా నోట్లెకెళ్లి ఏం వచ్చిందో తెలుసా?

"టైపింగ్ కలిసొస్తదని. ఇంగ్లీషుల ఇంపార్టెంట్ కంటే నీ పేరు రెండక్షరాలు తక్కువ."

ఆమె నన్ను చూసింది. బస్సు వచ్చి ఆగేదాంక చూసింది.

"గంతేనా?"

"గంతే."

"మస్తు పొదుపుగానివే" అని నవ్వి, బస్సెక్కింది. ఆ నవ్వు సగంల ఆగిపోయింది.

ఏడాది తిరిగినంక చెంగిచెర్ల టీచరుతోని ఆమె పెండ్లి. పోయి, కడుపునిండ బిర్యానీ తిని, చేతులు కడుక్కుంట ఒట్టు పెట్టుకున్న: ఇగ జన్మల అక్షరాలు పొదుపు జెయ్య. ఎవరన్న గట్ల నిలవడి "ఎందుకు" అనడిగితే నిజమే చెప్త.

ఇంతవరకు ఒట్టు తప్పలే. గట్ల అడిగినోళ్లే లేరు.