ఏ ఆపరేషన్?

విదేశంలో, ఇన్వర్‌కార్గిల్ అనే నగరంలో చదువు పూర్తయ్యాక నాకు దొరికిన ఉద్యోగం, ఆ నగరానికి దూరంగా పాల ఫారాల మధ్య ఉన్న ఒక చిన్న క్లినిక్‌లో రిసెప్షనిస్టు పని. ఆ చుట్టుపక్కల ఫారాల్లో మనవాళ్లు చాలామందే పనిచేసేవారు. మగవాళ్లు వేలికి దెబ్బ తగిలినా వచ్చేవారు. వాళ్ల భార్యలు మాత్రం పిల్లలకు జ్వరమొస్తే తప్ప మా గుమ్మం తొక్కేవారు కాదు. వాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి చెప్పి, పరీక్షకు రప్పించాలని మా నర్సు పట్టుబట్టింది. తెలుగులో చెప్పాల్సింది నువ్వేనంది. సరేనన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కాదు. గర్భాశయ ముఖద్వారం అన్న మాటను పేపర్లో చదవడమే తప్ప ఎన్నడూ నోటితో పలికి ఎరగను.

కమ్యూనిటీ హాల్లో టీకి పిలిచాం. కనీసం వాటి కోసమైనా వస్తారని సమోసాలు చేసుకెళ్లాను. వచ్చారు. "గర్భాశయ ముఖద్వారం" అన్నాను. అందరూ సమోసాలు తింటూనే ఉన్నారు. ఏ గుడి ద్వారం గురించో చెబుతున్నాననుకున్నారేమో. లాభం లేదని "గర్భసంచి మూతి" అన్నాను. కొందరు తల దించుకున్నారు, కొందరు కిసుక్కున నవ్వారు. ఏ బాధా లేకపోయినా మూడేళ్లకోసారి చూపించుకోవాలని, ముందే కనిపెడితే క్యాన్సర్ దాకా పోదని గబగబా చెప్పేశాను. నాకు ఒళ్లు మండిపోయింది. నవ్వినవాళ్ల మీద కాదు, సరిగ్గా చెప్పడం చేతకాని నా మీదే.

అందరూ వెళ్లిపోతుంటే ఒకామె ఆగింది. నాకంటే పదేళ్లు పెద్దదేమో. తెలంగాణ నుంచి వచ్చింది. భర్తకు ఒక ఫారంలో ఆవుల పాలు పితికే షెడ్డులో పని. ఒక్కతే కూతురు.

"నాకైతే ఇది అక్కర లేదు చెల్లె. నాకు ఆపరేషన్ అయింది" అంది.

మన దగ్గర ఆడవాళ్లు ఆపరేషన్ అయిందంటే, ఇక పిల్లలు పుట్టకుండా చేయించుకున్నారనే కదా అర్థం. అది చేయించుకున్నా ఈ పరీక్ష కావాలక్కా అన్నాను.

"అది కాదు. సంచే తీసేసిన్రు. క్యాన్సర్ వస్తదని ముందుగాలనే తీసిన్రు. ఇంక నాకెట్ల వస్తది?"

ఆమె మాటలో న్యాయముంది. కప్పులు కడుగుతున్న నర్సు దగ్గరికి వెళ్లి చెప్పాను. మూతి కూడా తీశారా, లేక సంచి ఒక్కటే తీశారా అని నర్సు అడిగింది. ఆ ప్రశ్న పట్టుకుని మళ్లీ ఈమె దగ్గరికి వచ్చాను.

"మూతి లేకుంట సంచి ఉంటదా?" అంటూ నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. నిజానికి నాకూ ఆ అనుమానమే వచ్చి, మళ్లీ నర్సునే అడిగాను. కొందరు డాక్టర్లు సంచి తీసి మూతిని వదిలేస్తారట. వదిలేసి ఉంటే క్యాన్సర్ అక్కడ రావచ్చట. చూస్తేగానీ చెప్పలేమంది నర్సు. ఇన్నేళ్లూ ఇక తనకు భయం లేదనుకుని బతికిన మనిషికి నేనీ మాట చెప్పాలి. చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆమెకు మంచి చేస్తున్నానో, ఉన్న ధైర్యం కాస్తా పోగొడుతున్నానో నాకు తెలియలేదు.

తర్వాతి వారం వచ్చింది. భర్త షెడ్డులో వేసుకునే గమ్‌బూట్లతోనే కారులో కూర్చుండిపోయాడు. నన్ను లోపలికి రమ్మని చేయి పట్టుకుంది. నర్సు చూసి, మూతి ఉందని చెప్పింది.

"ఉందట అక్కా."

"ఉన్నదా?" అంది ఆమె. మంచం మీద పడుకునే పైకప్పు వంక చూసింది. "సరే, చెయ్యమను."

చిన్న బ్రష్‌తో ఒకసారి తుడిచినట్టు చేసింది నర్సు. అయిపోయింది. ఆమె లేచి బట్టలు సర్దుకున్నాక, అప్పట్లో ఎందుకు తీశారని నర్సు అడిగింది. తెల్లబట్ట, నడుంనొప్పి అని టౌనుకు పోతే, ఉంచితే క్యాన్సర్ అవుతుందని అక్కడి డాక్టర్ భయపెట్టాడట. బిడ్డకు అప్పటికి రెండేళ్లు. "ఇంకొక్కరుంటే మంచిగుండు అనుకున్నం. ఇగ పానం కన్న ఎక్కువనా అని తీయించుకున్న" అంది.

తీసేముందు ఈ పరీక్ష చేశారా అని నర్సు ప్రశ్న.

"ఏ పరీక్ష?"

"ఇప్పుడు చేసిందే అక్కా."

ఆమె బల్ల మీదున్న బ్రష్ వైపు చూసింది. "లేదు. ఇంతేనా అది?"

ఏమంటోందని నర్సు అడిగింది. ఇంతేనా అంటోంది అన్నాను. నొప్పి లేదని సంతోషిస్తోంది అనుకుందేమో, నర్సు ఆమె భుజం తట్టి, అవును, ఇంతే అని నవ్వింది. నేను ఇద్దరి మాటలూ ఉన్నదున్నట్టే చెప్పాను. అయినా ఒకరి మాట ఇంకొకరికి చేరలేదు.

కొన్ని వారాలకు రిజల్ట్ వచ్చింది. అంతా బాగుంది. ఆ మాట చెప్పడానికి నేనే ఆశపడి ఫోన్ చేశాను.

"ఇప్పుడు మంచిగున్నదంటే, అప్పుడు గూడ మంచిగనే ఉండెనా చెల్లె?"

అలా చెప్పలేమక్కా అన్నాను. ఇప్పుడు చూసింది మూతిని మాత్రమేనని, అప్పుడు సంచిలో ఏముందో తెలియదని, ఒకవేళ నిజంగానే తీయాల్సి వచ్చిందేమోనని ఏదేదో చెప్పుకుపోయాను. చెబుతున్నకొద్దీ నాకే నమ్మకం తగ్గిపోయింది. నాకు తెలియదక్కా అన్నాను చివరికి. నర్సును అడగమంది. అడిగాను. తనకూ తెలియదంది.

ఆ మాటే ఫోన్లో చెప్పాను.

"మరి ఎవలను అడగాలె?" అంది.