పసుపు పెట్టని పుండు

1988 చలికాలంలో నన్ను, పసుపు పండే మా ఆర్మూరు పక్కనున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆయాగా వేశారు. నర్సు మరియమ్మ సిస్టర్ వెంట ఐసు డబ్బా మోసుకుంటూ ఊర్లు తిరగడం నా పని. అక్షరాలు అప్పటికి రావు. నలభై దాటాక రాత్రి బడిలో నేర్చుకున్నాను, అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను.

బీసీజీ అంటే పసిపిల్లలకు టీబీ మెదడుకెక్కకుండా వేసే సూది. ఎడమ జబ్బ మీద, పైతోలు పొరలోకే ఎక్కించాలి. కలిపిన మందు ఐసు మీదే ఉండాలి, కొన్ని గంటలు దాటితే పారెయ్యాలి. అన్నీ సరిగ్గానే చేసేవాళ్లం. అయినా ఒక ఊళ్లో తల్లులు మమ్మల్ని చూసి తలుపులు వేసుకున్నారు. మాకంటే ముందొచ్చిన జట్టు సూదులు వేసి జీపెక్కి పోయిందట. తర్వాత పిల్లల జబ్బలు చీము పట్టాయి. అది చేతులు పడిపోయే మందని పుకారు మోర్తాడ్ దాకా పాకింది.

ఆ ఊళ్లో గంగవ్వ పసుపు కూలీ. చంకలో పసిపిల్ల, ఇంట్లో టీబీతో దగ్గే మామ. ఆ పిల్లకు సూది పడకపోతే ఎట్లా అన్నదే సిస్టర్ బెంగ. ఆడవాళ్లు పసుపు ఆరబోసే కల్లానికే పోయాం. వాళ్లు ఒక పిల్ల జబ్బ చూపించారు. పుండు మీద పసుపు, నూనె కలిపి మందంగా పట్టించి గుడ్డ కట్టారు. దెబ్బ తగిలితే పసుపు అద్దడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఈ సూదికి చిన్న పుండు రావలసిందేనని, దాని మీద ఏదీ పెట్టొద్దని, దానంతటదే మానుతుందని సిస్టర్ చెప్పింది. పసుపు పెడితేనే చెడుతుందని నేనన్నాను.

ఒక ముసలవ్వ అందుకుంది. “ఆర్మూర్ల పుట్టి పసుపునే తిడ్తున్నవా? నీ కూరల ఏస్తలేవా?”

“కూరల ఏస్త, పుండుల ఎయ్య” అన్నాను. అందరూ నవ్వారు.

గంగవ్వ నవ్వలేదు. “కొమ్ము ఇరిచి సూడంది ఏ సేటూ పసుపు కొనడు సిస్టర్. నేను గట్లనే సూస్త. ఏమేమైతదో ముందుగాల చెప్పి, నా బిడ్డకు ఎయ్యి. చెప్పినట్టు కాకుంటే మల్ల మా ఊరు తొక్కకుండ్రి.”

సిస్టర్ వరసగా చెప్పింది: ఇప్పుడు చిన్న పొక్కు లేచి మాయమవుతుంది. కొన్ని వారాలకు ఎర్రటి గడ్డ, తర్వాత పుండు, తర్వాత పక్కు కట్టి రాలి మచ్చ. ఆపైనే సూది వేసింది.

వారం వారం అంగడి రోజున ఆ కల్లానికి పోయాం. గంగవ్వ పిల్ల అంగీ జరపగానే ఆడవాళ్లు పసుపు వదిలి చుట్టూ మూగేవారు. గడ్డ లేచింది. “చెప్పినట్టే అచ్చెగదనే!” అంది ముసలవ్వ. పుండయిన రోజు గంగవ్వ అత్త పసుపు ముద్ద పట్టుకొచ్చింది. గంగవ్వ చేయి అడ్డం పెట్టింది. “ఆగత్తా. సిస్టర్ చెప్పింది ఇంక ఒడువలే, మచ్చ పడేదాక సూద్దాం.”

పక్కు రాలింది. లేత చర్మం మీద గుండ్రటి మచ్చ తేలింది. నేను మోసిన డబ్బాలోని ఒక్క చుక్క, అంత చిన్న ఒంట్లో, చెప్పిన వరస తప్పకుండా నడిచిపోయింది. గుళ్లో కూడా నేనెన్నడూ అట్లా నోరు తెరిచి నిలబడలేదు.

తర్వాతిసారి తలుపులు తెరిచే ఉన్నాయి. ముసలవ్వ మనుమణ్ణి ఎత్తుకొచ్చి, “మంచి తర్వాత చెప్పు గాని, పుండెప్పుడస్తదో ముందుగాల చెప్పు” అంది.

మేలు జరుగుతుందంటే జనం వింటారు, నమ్మరు. కంటికి చెడ్డగా కనబడేదేదో ముందే చెప్పాలి, అది కనబడిన రోజు ఎదురుగా ఉండాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్లు డబ్బా దించగానే నేను మొదట పుండు సంగతే చెప్పాను.