మేస్త్రక్క ఇచ్చిన సర్టిఫికెట్

ఆస్ట్రేలియా వీసా లాటరీలో నా పేరు వచ్చిందంటే అమ్మ మొదట నమ్మలేదు. ఏడాది పాటు ఆ దేశమంతా తిరగొచ్చు, ఖర్చులకు అక్కడే ఏదో ఒక పని చేసుకోవచ్చు. ఊళ్లు చూడటానికీ కూలి చేయడానికీ కలిపి ఒకే వీసా ఏమిటని నాకూ వింతగానే ఉండింది. "ముందు పని చూసుకో. పని కుదిరితేనే నువ్వు విమానం ఎక్కేది" అని అమ్మ తేల్చేసింది.

ఇంటర్నెట్‌లో వెతగ్గా వెతగ్గా ఒక ద్రాక్షతోట దొరికింది. వాళ్ల దరఖాస్తులో రెండు ప్రశ్నల దగ్గర ఆగిపోయాను. పొలం పని ఎంతకాలం చేశారు? మీ చేత పని చేయించినవారు మీ గురించి ఏమంటారు?

మాది కొడవలూరు దగ్గర పల్లె. ఇంటి చుట్టూ వరే. అయినా ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా గట్టు దిగిన పాపాన పోలేదు. నెల్లూరులో చదువు, తర్వాత ఇంట్లో కూర్చునే కంప్యూటర్ పని. నాయన దీన్ని అసలు సమస్యగానే చూడలేదు.

"అయిదేండ్లని రాయి మా. పొలం మనది, సంతకం నాది. వాళ్లేమన్నా వచ్చి చూస్తారా?"

రాయడానికి కూర్చున్నాను కూడా. కానీ అయిదేళ్లుగా ఏం చేశానని రాయాలి? ఇన్నేళ్లు చూస్తున్నా, ఆ బురదలో చెయ్యి పెట్టి ఏం చేస్తారో నాకు తెలియదు. తెలుసుకోవాలనిపించింది.

మా పొలంలో నాట్లు వేయించేది మేస్త్రక్క. నలభై అయిదేళ్లుంటాయి, పదిహేను మంది ఆడవాళ్లు ఆమె మాట మీద కదులుతారు. నేనూ నాట్లకు వస్తానంటే, "నువ్వా పాపా?" అని పగలబడి నవ్వి, సరే రమ్మంది.

మొదటి రోజు నన్ను ఇద్దరు చురుకైనవాళ్ల మధ్య నిలబెట్టింది. వంగి, వెనక్కి అడుగులేస్తూ నాటుకుపోవాలి. నేను పైపైన గుచ్చిన మొక్కలు నా కళ్లముందే నీళ్లలో తేలాయి. ఆమె వాటిని ఏరి మళ్లీ నా చేతికే ఇచ్చింది. ఎన్ని మొక్కలు పట్టుకోవాలి, ఎంత లోతు, ఏ వేలితో నొక్కాలి అని పొద్దంతా అడుగుతూనే ఉన్నాను. దేనికీ విసుక్కోలేదు. "నోరు కాదు పాపా, చెయ్యి ఆడాల" అని మాత్రం అంది. రెండో రోజు నడుము నాది కాకుండా పోయింది. మూడో రోజు తేలినవి అయిదో ఆరో.

ఆ సాయంత్రం గట్టు మీద ఫోను తీసి, నా గురించి ఏం రాయమంటావని అడిగాను.

"నన్నా అడిగేది? మీ నాయన ఉండాడు గదా."

"పని చేయించింది నువ్వు గదా అక్కా."

కొంగుతో చేతులు తుడుచుకుని చాలాసేపు ఆలోచించింది. పరీక్ష ఫలితాల నాడు కూడా నేనంత భయపడలేదు.

"మూడు దినాలు చేసినాది. శానా నిదానం. ప్రశ్నలు ఎక్కువ. మొక్క తేలితే దాచిపెట్టలా, చూపించి మళ్లా నాటినాది. ఇంకో పది దినాలు చేస్తే పనికొస్తాది."

"నిదానం తీసేద్దామా?"

"ఎందుకు? నిజమే గదా."

ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో రాసి పంపాను. నాయన నుదురు కొట్టుకున్నాడు. "పని అడిగేవాళ్లు ఎవురన్నా ఇట్టా రాసుకుంటారా?"

వారం తర్వాత జవాబు వచ్చింది. రమ్మన్నారు! కింద ఇంకో వాక్యం ఉంది: మీ మేస్త్రిలాంటి మనిషి మాకు కావాలి, ఆమె కూడా వస్తారా?

ఆపుకోలేని సంతోషంతో ఆ రోజు వాళ్లు నాటుతున్న పొలానికి పరిగెత్తి, గట్టు మీద నుంచే గట్టిగా చదివి చెప్పాను. ముఠా అంతా నాట్లు ఆపి కేకలు పెట్టింది. మేస్త్రక్క నడుము నిటారు చేసి నిలబడింది.

"నాకూ ఇస్తారా పాపా, ఆ వీసా?"

వేళాకోళానికి అడగలేదు. ఆమెకు ఎంత ఆశ మోసుకొచ్చానో నాకు అప్పుడు తెలిసింది. చెప్పక తప్పలేదు. వయసు ముప్పై దాటకూడదు. ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. కాలేజీ చదువు ఉండాలి.

"ద్రాక్షపండ్లు కోసేదానికి కాలేజీ చదువెందుకు?"

ఆమెకు కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. మూడు రోజులు నేనడిగిన ప్రతిదానికీ ఆమె జవాబు చెప్పింది. సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె వంగి ఇంకో నారు కట్ట విప్పింది.