మామ ఎక్స్‌రేలో మల్లెపూలు

మొన్న ఆదివారం సర్జాపుర రోడ్డులోని మా అపార్ట్‌మెంటులో పిల్లలకు మట్టి కుండీల మీద పూలు వేయడం నేర్పించారు. ఒక్కొక్కరికి ఒక కుండీ, స్పాంజి ముక్క, పువ్వు ఆకారం కత్తిరించిన ప్లాస్టిక్ అచ్చు. మా మనవరాలు స్పాంజిని తెల్లరంగులో ముంచి అచ్చు మీద అద్దింది. అచ్చు ఎత్తేసరికి పువ్వు ఉండాల్సిన చోట రంగు మడుగు కట్టింది. అది మూతి ముడుచుకుంటే నాకు నవ్వు ఆగలేదు. "ముందు పేపరు మీద అద్దుకోవే, స్పాంజి ఆరినట్టు ఉండాల" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఆ మాట మా మేనత్తది.

అప్పట్లో చదువుకోవడానికి ఈ ఊరికి వచ్చి చిక్కపేట వెనక సందులో అత్త వాళ్లింట్లో మూడేళ్లు ఉన్నాను. మామ చీరల అంగట్లో గుమస్తా. ఇల్లు అగ్గిపెట్టెంత. మేడ మీద మాత్రం అత్త రాజ్యం. అక్కడున్న నలభై కుండీల్లో ఒక్కటీ ఉత్త మట్టిరంగులో ఉండడానికి వీల్లేదు, ఎర్రరంగు పూసి దాని మీద తెల్లమల్లెలు అద్దాల్సిందే. అట్టతో కోసిన అచ్చులు రంగు తాగి మెత్తబడిపోయేవి. ఎక్స్‌రే ఫిల్మయితే తడవదు, కుండీ వంపుకు ఒదుగుతుంది. ఈ సంగతి కనిపెట్టాక వీధిలో ఎవరి కాలు విరిగినా పలకరించడానికి అత్తే ముందుండేది. మనిషి లేచి నడిచాక ఫిల్ము అడిగి తెచ్చుకునేది.

ఒక వానాకాలం మామకు దగ్గు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తిలో మచ్చ ఉందన్నారు. అది కొత్తదో పాతదో తేలాలంటే, నాలుగేళ్ల కిందట నిమోనియా వచ్చినప్పటి ఫిల్ము తెమ్మన్నాడు డాక్టరు. అత్త ముఖం పాలిపోయింది. ఇంటికి రాగానే అటక వెతుకుతుందేమో అనుకున్నాను. నేరుగా మేడెక్కి, రంగు గడ్డకట్టిన అచ్చు ఒకటి ఒళ్లో పెట్టుకుని కూలబడింది. సరిగ్గా మచ్చ కనబడాల్సిన చోట అయిదు రెక్కల మల్లెపువ్వు కోసి ఉంది.

"పాతదే కదా, ఇంగ దేనికి పనికొస్తాదిలే అని కోస్తిని" అని ఏడ్చింది.

మామ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. "ఊరుకో మే. నా ఎదలో పువ్వుండాదని డాక్టరుకు చెప్తాంలే" అన్నాడు.

డాక్టరుకు మాత్రం నవ్వు రాలేదు. మూడు నెలలు ఆగి మళ్లీ ఫిల్ము తీద్దాం, మచ్చ పెరిగితే ఆపరేషనే అన్నాడు. ఆ మూడు నెలలూ అత్త స్పాంజి ముట్టుకోలేదు. మామ దగ్గితే చాలు, చేతిలో పని ఆగిపోయేది. మొక్కలకు నీళ్లు నేనే పోశాను. అంత భయం ఆ ఇంట్లో నేను మళ్లీ చూడలేదు.

మచ్చ పెరగలేదు. నిమోనియా వదిలిపోయిన పాత గుర్తేనట. ఆ రోజు మామ కొత్త ఫిల్ము పట్టుకుని మేడెక్కి వచ్చాడు. "ఇదో, ఇంకోటి తెస్తిని. ఈ తూరి మచ్చను ఇడిసిపెట్టి పక్కన కోసుకో" అన్నాడు. అత్త నవ్వుతూనే మళ్లీ ఏడ్చింది. దాన్ని కోయలేదు, పెట్టెలో పట్టుచీరల అడుగున దాచుకుంది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. పాత అచ్చు నా దగ్గరుంది. మొన్న తీసిస్తే మనవరాలు కిటికీకి ఆనించి, "ఈ గీతలేంటి అమ్మమ్మా?" అంది. మా మామ పక్కటెముకలని చెప్పాను. స్పాంజిని బాగా ఆరనిచ్చి అద్దింది. పువ్వు అయిదు రెక్కలతో చక్కగా దిగింది. కాలం వాళ్లిద్దరినీ తీసుకుపోయింది గానీ, అత్త చేసిన ఆ ఒక్క పొరపాటును నాకు వదిలిపెట్టింది.